జానెడు మంచు

మా గ్యారేజ్ గోడకు ఒక మేకు ఉంది. దానికి ఒక పక్క గడ్డి కోసే మిషను, ఇంకో పక్క మా అమ్మాయి చిన్నప్పటి సైకిలు. మేకుకు మాత్రం ఒక జత స్నోషూలు. కొని మూడేళ్ళు దాటింది. ఉన్న ఊళ్ళో వాటి మీద నడిచిన రోజులు లెక్కపెట్టడానికి ఒక చెయ్యి చాలు, అందులోనూ బొటనవేలు మిగిలిపోతుంది.

మేముండేది న్యూజెర్సీలో, ఎడిసన్‌లో. ఇక్కడ దోసెపిండి దొరకని రోజంటూ ఉండదు గానీ, మంచు దొరకని చలికాలాలు ఉంటాయి. అసలు పడదని కాదు. పడుతుంది, కాఫీ కలుపుకుని కిటికీ దగ్గరికి వచ్చేసరికి కరిగిపోతుంది. లేదంటే పడుతూ పడుతూ మధ్యలో మనసు మార్చుకుని వానైపోతుంది. ఇలాంటి చోట స్నోషూలు కొనడం మిద్దె మీదికి పడవ కొనుక్కోవడమేనని మా ఆవిడ అభిప్రాయం.

వాటికి ‘చేటలు’ అని పేరు పెట్టింది కూడా ఆమే. స్నోషూకు తెలుగులో మాట లేదు, మనకు ఎప్పుడూ దానితో పని పడలేదు కాబట్టి. మొదటిసారి పెట్టె విప్పినప్పుడు వంటింట్లోంచి తొంగి చూసి, “ఏవండీ, ఈ చేటలేంటి?” అంది. పేరు అట్లే నిలిచిపోయింది. ఆలోచిస్తే అంతకన్నా మంచి పోలిక లేదు. పొడుగాటి చేటకు చుట్టూ అల్యూమినియం గొట్టం వంచి, మధ్యలో గట్టి ప్లాస్టిక్ గుడ్డ బిగించి, దాని మీద బూటు కట్టుకోవడానికి పట్టీలు వేస్తే స్నోషూ అవుతుంది. కాలివేళ్ళ కింద ఇనుప పళ్ళు ఉంటాయి, జారకుండా. బూటు ముందు భాగం మాత్రమే పట్టీల్లో ఉంటుంది. మడమ లేస్తే చేట వెనక భాగం నేల మీదే ఈడ్చుకుంటూ వస్తుంది. నా జత 25 అంగుళాల పొడుగు, 8 అంగుళాల వెడల్పు. నా బరువు 80 కిలోలు. ఉత్త బూట్లతో లోతు మంచులో అడుగు పెడితే ఆ బరువంతా కాస్త చోటు మీదే పడి మోకాలి దాకా దిగబడతాను. చేట మీద అదే బరువు నాలుగైదు రెట్ల చోటుకు పరుచుకుంటుంది. అప్పుడూ దిగుతాను గానీ, ఏ బెత్తెడో.

ఈ సంగతి ఫోన్లో మా నాయనకు చెప్పడానికి నేను పీడనమనీ వైశాల్యమనీ ఎనిమిదో తరగతి సైన్సంతా తిరగేశాను. ఆయన సగంలోనే ఆపాడు. “బురదలో బండి చక్రం దిగబడితే కింద కంప తొక్కుతాం కదరా, అట్లనా?” అట్లనే.

*

ఈ పిచ్చి నాకు పట్టించింది అడిరాండాక్ కొండలు. 2022 ఫిబ్రవరిలో ఆఫీసు స్నేహితులతో కలిసి న్యూయార్క్ రాష్ట్రం పైకొసకు పోయాం. లేక్ ప్లాసిడ్ ఊరికి దగ్గర్లో హార్ట్ లేక్ అని ఒక చెరువు, ఒడ్డున ఒక పాత బస. బస పేరులో లాడ్జ్ అన్న మాటను ఎల్, ఓ, జే అని మూడక్షరాలతో తేల్చేసి ఉంటుంది. లైబ్రరీల్లో పుస్తకాలకు దశాంశాలతో నంబర్లు వేసే పద్ధతి పెట్టిన మెల్విల్ డ్యూయీ పుణ్యం అది. ఇంగ్లిష్ మాటల్లో పలకని అక్షరాలన్నీ దండగని ఆయన పట్టుదల. పుస్తకాలకు ఆయన వేసిన నంబర్లు నిలిచాయి, స్పెల్లింగులు మాత్రం ఆ కొండల్లో చిక్కుకుపోయాయి.

అక్కడ స్నోషూలు అద్దెకిచ్చే అమ్మాయి మాకు ఒక నియమం చెప్పింది. ఆ ఎత్తైన కొండల అడవిలో మంచు 8 అంగుళాలు మించి ఉంటే స్నోషూలో స్కీలో వేసుకునే నడవాలి, అది రాష్ట్రం పెట్టిన నిబంధన. నేను మన భద్రత కోసమేమో అనుకున్నాను. కొంతవరకు అంతే గానీ, అసలు సంగతి వేరే. ఉత్త బూట్లతో నడిచినవాడు అడుగడుగునా మోకాలి లోతు గుంత చేసిపోతాడు. రాత్రికి ఆ గుంత గడ్డకడుతుంది. మరునాడు ఎవడో వచ్చి అందులో కాలు మడతపెట్టుకుంటాడు. అంటే చేటలు మనల్ని మోయడానికి మాత్రమే కాదు, వెనక వచ్చేవాడికి దారి చెడకుండా ఉండడానికి కూడా. పంట చేలో గట్టు మీదే నడవాలని మా ఊళ్ళో పిల్లలకు చెప్పేది గుర్తొచ్చింది.

ఆ రోజు నేను రెండు సార్లు పడ్డాను. మొదటిసారి ఎడమ చేటతో కుడి చేటను తొక్కి. కాళ్ళు కాస్త ఎడంగా వేయాలన్నది పడ్డాకే అర్థమైంది. రెండోసారి, ఎవరో పిలిస్తే వెనక్కి అడుగు వేయబోయి. చేటలతో వెనక్కి నడవడం కుదరదు, తోక మంచులో గుచ్చుకుంటుంది. చుట్టూ తిరిగి రావాలి. మంచులో వెల్లకిలా పడి, దేవదారు లాంటి చెట్ల మధ్య నుంచి ఆకాశం చూస్తూ, ఇంత నిశ్శబ్దం ఇంతవరకూ వినలేదే అనుకున్నాను. కొత్త మంచు మీద శబ్దం నిలవదు. అమెరికా వచ్చిన పదమూడేళ్ళలో చలికాలాన్ని తిట్టకుండా గడిపిన మొదటి పూట అది.

ఆ ఏడు శరదృతువు పోతుండగా, నవంబరులో ఒక జత కొనేశాను. చేటలు, చేతికర్రలు కలిపి రెండు వందల డాలర్లు దాటాయి.

తర్వాత ఏమైందో ఈ ప్రాంతంలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. మాకు 30 మైళ్ళ దూరంలో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో 1869 నుంచీ మంచు కొలుస్తున్నారు. సగటున ఏడాదికి 30 అంగుళాల దాకా పడుతుంది. 2016 జనవరిలో ఒక్క తుపానుకే 27.5 అంగుళాలు పడింది. నేను చేటలు కొన్న ఆ చలికాలం మొత్తానికి పడింది 2.3 అంగుళాలు. అంతకన్నా తక్కువ పడిన ఏడు ఆ లెక్కల పుస్తకంలోనే లేదు. మొదటిసారి కొలవదగ్గ మంచు పడిందే ఫిబ్రవరి 1న. అదీ ఎంత? పార్కులో బెంచీల మీద ముగ్గుపిండి జల్లినంత. ఒక్క రోజులో ఒక అంగుళం మంచు పడక అక్కడ 701 రోజులు గడిచాయి. ఈ రికార్డుకూ నా కొనుగోలుకూ సంబంధం లేదని సైన్సు అంటుంది. మా ఆవిడ అనదు.

*

ఇక్కడ నీటికి కొదవ లేదు, అది గమనించాలి. మా అనంతపురం జిల్లాలో ఏడాదికి పడేది సుమారు 550 మిల్లీమీటర్లు, అంటే 22 అంగుళాల లోపు. న్యూజెర్సీలో అంతకు రెండింతలు పడుతుంది. చలికాలంలోనూ మబ్బులు వస్తాయి, బాగానే కురుస్తాయి. తేడా అంతా ఒకటి రెండు డిగ్రీల దగ్గరే. అట్లాంటిక్ సముద్రం మాకు దగ్గర. దాని వెచ్చటి గాలి లోపలికి వస్తుంది. ఉత్తరం నుంచి చలిగాలి దిగుతుంది. రెండూ ఎక్కడ కలుస్తాయో అక్కడ వానకూ మంచుకూ మధ్య ఒక గీత పడుతుంది. టీవీలో వాతావరణం చెప్పేవాళ్ళు ఆ గీతను దాదాపు ప్రతిసారీ ఐ-95 హైవే పొడవునా గీస్తారు. హైవేకు అవతల మంచు, ఇవతల వాన. మా ఇల్లు సరిగ్గా ఆ గీత మీదుంది.

2023 జనవరిలో ఒక రాత్రి, ఫోన్లో నాలుగైదు అంగుళాలని చూపిస్తుంటే, బూట్లు గడప దగ్గర పెట్టుకుని పడుకున్నాను. మూడు గంటలకు మెలకువ వచ్చింది. చప్పుడు వినబడింది. మంచుకు చప్పుడు ఉండదు. తలుపు తీసి చూస్తే డ్రైవ్‌వే మీద ధారగా వాన. “ఛీ, దరిద్రపు వాన” అన్నాను.

అన్నాక నోరు నొక్కుకున్నాను. పుట్టి బుద్ధెరిగాక వానను తిట్టడం అదే మొదటిసారి. మాది కళ్యాణదుర్గం పక్కన ఒక పల్లె. అక్కడ వాన మొదలైతే మా అవ్వ వసారా లోంచి రెండు చేతులూ బయటికి చాపి, తడిసిన అరచేతులు కళ్ళకద్దుకునేది. ఆడుకునే పిల్లలు ఎవరైనా వాన పడి ఆట చెడిందని విసుక్కుంటే నెత్తిన మొట్టికాయ పడేది. ఆ ఇంట్లో పుట్టినవాణ్ణి, తడి గడప మీద నిలబడి వాన ఎందుకొచ్చిందని తిడుతున్నాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా నాయనకు ఏడెకరాల ఎర్రనేల, వాన తప్ప వేరే ఆధారం లేదు. శెనక్కాయ పంట. మృగశిర కార్తె వచ్చిందంటే ఇంట్లో మాటలు తగ్గిపోయేవి. గొర్రు దించి, జడ్డిగం తుడిచి, తాళ్ళు సరిచూసి సిద్ధంగా పెట్టుకునేవాడు. విత్తనాలు ఒలిచి మూటకట్టి ఉండేవి. ఇంక చేయడానికి పనేమీ లేదు. ఆకాశం వైపు చూడడమే. కడప రేడియోలో వార్తలయ్యాక వాతావరణం చెప్పేటప్పుడు మమ్మల్ని మాట్లాడనిచ్చేవాడు కాదు. “రాయలసీమలో ఒకటి రెండు చోట్ల తేలికపాటి జల్లులు పడే అవకాశం ఉంది” అని వచ్చేది. ఏళ్ళ తరబడి అదే మాట. ఆ ఒకటి రెండు చోట్లు ఎక్కడుంటాయో ఎవరికీ తెలిసేది కాదు. మా ఊరు మాత్రం వాటిలో ఉండేది కాదు.

పడినా సరిపోదు. పదును కావాలి. రాత్రి వాన పడితే వేకువనే చేనికి పోయేవాడు, నేను వెంట. కాలితో పైమట్టి పక్కకు నెట్టి, వేళ్ళు దించి తడి ఎంత లోతుకు దిగిందో చూసేవాడు. బెత్తెడే అయితే లేచి చేతులు దులుపుకునేవాడు. జానెడు దిగితే ఒక పిడికెడు మట్టి తీసి ముద్ద చేసి నడుమెత్తు నుంచి వదిలేవాడు. ముద్ద చెదరకుండా ఉంటే తడి ఎక్కువ, ఇంకో పూట ఆగాలి. ముద్దే కాకపోతే తక్కువ. పడి, రెండు మూడు పెళ్ళలుగా విచ్చుకుంటే పదును. ఆ పెళ్ళల్ని చూసి ఇంటివైపు పరుగులాంటి నడక నడిచేవాడు. ఎర్రనేలలో పదును రెండు మూడు రోజులకన్నా ఉండదు. ఊళ్ళో అన్ని గొర్లూ ఒకే పూట కదలాలి, బాడుగ ఎద్దులు దొరకవు, కూలీలు దొరకరు. ఆరుద్ర పోయి, పునర్వసు పోయి, పుష్యమి కూడా సగం పోయిన ఏళ్ళు నాకు తెలుసు. ఒలిచిన విత్తనాలు వేయించుకు తిన్న ఏడు కూడా తెలుసు. ఆ ఏడు వేయించిన పప్పు రుచిగానే ఉండింది, ఎవరం మాట్లాడకుండా తిన్నాం.

ఆకాశం మీద ఆధారపడే బతుకు నీకొద్దురా అని నన్ను చదివించాడు. నేను కూడా ఆ మాట మీదే ఇంత దూరం వచ్చాను. ఇక్కడ జీతం నెలకు రెండుసార్లు పడుతుంది, దానికి కార్తెలు లేవు. అన్నీ అమిరాక, సొంత డబ్బులు పోసి, మళ్ళీ ఆకాశం వైపు మెడ ఎత్తే పని ఒకటి కొనుక్కున్నాను. దీన్ని ఏమనాలో ఆ రాత్రి నాకు తెలియలేదు. సిగ్గుగా కూడా ఉండింది. ఆయన ఎదురుచూపు తప్పితే అప్పు, నాది తప్పితే ఒక శనివారం. రెండూ ఒకటేనని చెప్పుకోను. కానీ మెడ ఎత్తే తీరు మాత్రం ఒకటే, దాన్ని నేను ఎక్కడా నేర్చుకోలేదు.

*

మంచు లేని స్నోషూదారుకు చదువు తప్ప వేరే దారి లేదు. ఆ రెండు చలికాలాల్లో నేను చేటల గురించి చదివినంత, చేటల మీద నడిచేవాళ్ళు కూడా చదివి ఉండరు.

ఇటలీ ఆస్ట్రియా సరిహద్దులో ఒక హిమానీనదం దగ్గర, 2003లో, పటాలు గీసే ఉద్యోగి ఒకాయనకు ఒక స్నోషూ దొరికింది. బర్చ్ కొమ్మను గుండ్రంగా వంచి, అడ్డంగా తాళ్ళు కట్టింది. ఏ రైతుదో వందేళ్ళ నాటిదిలే అని తన ఆఫీసులో పెట్టుకున్నాడు. పన్నెండేళ్ళు అట్లే ఉంది. తర్వాత పరీక్ష చేయిస్తే సుమారు 5,800 ఏళ్ళ నాటిదని తేలింది. వాడకుండా ఉంచిన చేటల గురించి ఎవరైనా నన్ను ఎగతాళి చేస్తే ఈ కథ చెబుతాను.

ఉత్తర అమెరికాలో క్రీ, హ్యూరాన్, ఇన్ను లాంటి ఆదివాసులకు ఇవి సరదా సామాను కాదు. లోతు మంచులో వేటకు పోవాలంటే ఇవే కాళ్ళు. ఆష్ చెట్టు కర్రను ఆవిరి పట్టి వంచి, దుప్పి జాతి జంతువుల పచ్చితోలును సన్నటి పేటలుగా కోసి, మనం నులకమంచం అల్లినట్లు అల్లేవారు. అడవి గుబురుగా ఉండే చోట పొట్టివి, ఎలుగుబంటి పాదం ఆకారంలో. బయలు ప్రదేశాల్లో మనిషి ఎత్తుకు దగ్గరగా ఉండే పొడుగువి. మంచు తీరును బట్టి చేట తీరు. మెయిన్ రాష్ట్రంలో నార్వే అని ఒక ఊరుంది. అక్కడ మెల్లీ డన్‌హామ్ అనే రైతు స్నోషూలు అల్లేవాడు. ఉత్తర ధ్రువానికి బయలుదేరిన రాబర్ట్ పియరీ బృందానికి కూడా అల్లి ఇచ్చాడు. ఆయనకు ఫిడేలు కూడా వచ్చు. 1925లో హెన్రీ ఫోర్డ్ పిలిపించుకుని వాయించుకున్నాడు. దాంతో 72 ఏళ్ళ వయసులో దేశమంతా పేరు మోగిపోయింది, స్నోషూల వల్ల కాదు, ఫిడేలు వల్ల. మనిషికి రెండో విద్య ఒకటి ఉండాలని మా అయ్యవారు అనేవారు.

అన్నిటికన్నా నన్ను పట్టి ఉంచింది ఒక కుందేలు. దాని పేరే స్నోషూ కుందేలు. వెనక పాదాలు చేటల్లా పెద్దవి, వేళ్ళు విప్పితే ఇంకా వెడల్పు. వేసవిలో మట్టిరంగు, చలికాలంలో తెలుపు. తెల్లబడడానికి అది మంచు వైపు చూడదు. పగలు ఎంత పొట్టిదైందో దాన్ని బట్టి బొచ్చు మారుతుంది. వేల ఏళ్ళుగా ఆ లెక్క తప్పలేదు. ఇప్పుడు పగలు పొట్టిదవుతుంది, మంచు మాత్రం రాదు. మట్టిరంగు అడవిలో తెల్లటి కుందేలు, నేనెవరికీ కనబడనులే అని కదలకుండా కూర్చుంటుంది. అలాంటి ఫోటో ఒకటి చూశాను. గ్యారేజ్‌లో వేలాడే జత వైపు ఒకసారి చూసి, ఫోన్ పక్కన పెట్టేశాను.

“అంత మోజుంటే వెర్మాంట్ పోవచ్చు కదా” అంటారు స్నేహితులు. పోవచ్చు, నాలుగైదు గంటల కారు ప్రయాణం. పోయాను కూడా ఒకసారి. బాగుంది. కానీ అది హోటల్లో దిగి తిన్న పెళ్ళి భోజనంలా ఉంది. మంచు ఉన్న చోటికి మనం పోవడంలో ఒక సులువు ఉంది, ఎప్పుడు పోయినా ఉంటుంది. నాకు కావలసింది నా గడప ముందుకు అది రావడం. పొరుగూరి చెరువు నిండితే చూసి సంతోషిస్తాం గానీ, మన చెరువు అలుగు పారితే కదా ఊరంతా కట్ట మీదికి చేరేది.

ఉత్త నేల మీద సాధన చేయబోయి ఒకసారి నవ్వులపాలయ్యాను. అక్టోబరులో పెరట్లో ఎండుటాకులు గుట్టగా పడితే, వాటిని మంచనుకుని చేటలు కట్టుకుని నడిచాను. పళ్ళకు ఆకులు గుచ్చుకుని విస్తళ్ళ కట్టలా తయారయ్యాయి. కంచె అవతల నుంచి పక్కింటి పెద్దాయన చాలాసేపు చూసి, నేను బాగానే ఉన్నానా అని అడిగాడు. ఆ ప్రశ్న కాళ్ళ గురించి అడిగింది కాదని అర్థమై లోపలికి వచ్చేశాను.

*

2024 ఫిబ్రవరి మధ్యలో, ఒక శుక్రవారం రాత్రి మొదలైంది. ఫోర్‌కాస్ట్‌లో పెద్దగా చెప్పలేదు. శనివారం పొద్దున్నే కిటికీ తెర తీస్తే డ్రైవ్‌వే, కారు, పక్కింటాయన కంచె, అంతా ఒకే మెత్తటి తెలుపు. చెప్పులతోనే బయటికి పోయి, కారు పక్కన చెయ్యి నిలువుగా దించాను. బొటనవేలు కొస నుంచి చిటికెనవేలు కొస దాకా చాపితే సరిగ్గా సరిపోయింది. జానెడు!

ఒక గుప్పెడు తీసి పిసికాను. వదులుగా ముద్దైంది. నడుమెత్తు నుంచి వదిలాను. పడి విచ్చుకుంది. ఇది స్నోషూ పుస్తకాల్లో ఉందో లేదో నాకు తెలియదు గానీ పనికొస్తుంది: ముద్ద గట్టిగా, గాజుగోళీలా అయిందంటే మంచులో తడి ఎక్కువ, చేట కింద పళ్ళకు అతుక్కుని అడుగడుగుకూ గడ్డలు కడుతుంది, కాలికి అరకేజీ బరువు తోడవుతుంది. విచ్చుకుందంటే పదును. లోపలికి పరుగెత్తి, “బయల్దేరండి, మధ్యాహ్నానికి ఉండదు” అన్నాను. మా ఆవిడది తెనాలి. కాలువలో నీళ్ళు ఎప్పుడొదులుతారో తేదీ ముందే తెలిసే ఊరు. “మంచు ఎక్కడికి పోతుందండీ, టిఫిన్ తిని పోదాం” అంది. వాళ్ళకు ఈ తొందర అర్థం కాదు.

గ్రిగ్స్‌టౌన్ దగ్గర డెలావేర్ రారిటన్ కాలువ ఉంది. ఫిలడెల్ఫియా వైపు నుంచి న్యూయార్క్ వైపుకు బొగ్గు పడవలు పోవడానికని, ఎక్కువగా ఐర్లండ్ నుంచి వచ్చిన కూలీలు చేత్తో తవ్వారు, 1834లో పూర్తయింది. పడవల్ని కంచరగాడిదలు లాగేవి. అవి నడిచిన గట్టే ఇప్పుడు జనం నడిచే బాట. పడవలు పోయి చాలా కాలమైంది. కాలువ నీళ్ళు మాత్రం ఇప్పటికీ ఊళ్ళకు తాగడానికి పోతున్నాయి. మేం చేరేసరికి గట్టు మీద ఒక్క అడుగు కూడా పడి లేదు.

కారు వెనక తలుపు తెరిచి, దాని అంచు మీద కూర్చుని చేటలు కట్టుకున్నాను. బూటు కొస పట్టీల్లోకి దూర్చి, రబ్బరు పట్టీ లాగి కొక్కేనికి తగిలించి, మడమ చుట్టూ ఇంకోటి. చలికి పట్టీ బిరుసెక్కి, వేళ్ళు ఎర్రబడ్డాయి. లేచి మొదటి అడుగు వేశాను. కొత్త మంచు కింద నలిగేటప్పుడు ఒక చప్పుడు వస్తుంది, పటిక బెల్లం గుడ్డలో వేసి నలగ్గొట్టినట్లు. వెనక చేట తోక ఈడ్చుకున్న చప్పుడు, బట్ట చించినట్లు సన్నగా. ఈ రెండే. పక్కన కాలువ నల్లగా, కదలకుండా ఉంది. సైకమోర్ చెట్ల తెల్లటి కొమ్మల మీద మంచు ఒక పక్కకే అంటుకుని ఉంది. రాత్రి గాలి ఎటునుంచి వీచిందో చెట్లు చెబుతున్నాయి. జింక ఒకటి మాకన్నా ముందే గట్టు దాటింది. దాని గిట్టలు సన్నవి కదా, పాపం, పొట్ట మంచుకు రాసుకున్న ఆనవాలు అడుగుల మధ్య గీతలా కనబడింది.

ఒక జతే ఉంది కాబట్టి మా ఆవిడ, అమ్మాయి బూట్లతోనే వెనక వచ్చారు. చేటలు తొక్కిన చోట మంచు అణిగి గట్టిపడుతుంది, ఆ బాటలో నడవడం సులువు. వంద గజాలు పోయాక మా ఆవిడకు గట్టు అంచున ఏదో పక్షి కనబడి పక్కకు అడుగు వేసింది. మోకాలి దాకా పోయింది, గట్టు వాలులో రాత్రి గాలికి మంచు పేరుకుంది మరి. చెయ్యి పట్టి లాగాను. “ఒకసారి ఆ చేటలు ఇటివ్వండి” అంది, మొహం ఎర్రగా పెట్టుకుని.

ఇచ్చాను. పట్టీలు నేనే కట్టాను, మోకాళ్ళ మీద కూర్చుని. రెండడుగులు కొంగలా వేసింది, మూడో అడుగుకు కాళ్ళు ఎడం చేసుకుంది, ఎవరూ చెప్పకుండానే. ఇంక ఆగలేదు. “ఏమోయ్, ఆగు” అంటే వినబడనట్లు నడుస్తూ పోయింది. వెనక్కి తిరగడం కష్టమని చెప్పానుగా, అందుకనేనేమో తిరిగి కూడా చూడలేదు. నేనూ మా అమ్మాయీ ఆమె బాటలో, అక్కడక్కడా దిగబడుతూ, బూట్లలోకి మంచు పోయి మేజోళ్ళు తడిసి, బ్లాక్‌వెల్స్ మిల్స్ వైపు సాగే ఆ గట్టు మీద ఒక మైలు దాకా వెంటబడ్డాం.

అక్కడ ఒక బల్ల మీద మంచు తుడిచి కూర్చున్నాం. నాకు ఊరు గుర్తొచ్చి వీడియో కాల్ చేశాను. ఇక్కడ పది గంటలు, అక్కడ రాత్రి ఎనిమిదిన్నర. నాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఇప్పుడు పొలం గుత్తకు ఇచ్చేశాడు. ఫోన్ తిప్పి కాలువ, గట్టు, చెట్లు చూపించాను.

“ఎంత పడింది?”

“జానెడు, నాయనా.”

“చెయ్యి పెట్టి చూసినావా, ఊరికే చెప్తాండావా?”

“చూసినా. ముద్ద కూడా చేసినా. ఇచ్చుకునింది.”

ఆయన కాసేపు ఏమీ అనలేదు. లైను తెగిందేమో అనుకున్నాను. తెరమీద ఆయన చూపు నా మీద లేదు, వెనక చేటలతో అటూ ఇటూ తిరుగుతున్న కోడలి కాళ్ళ మీదుంది. “దాని కింద పండ్లు ఉన్నాయే, గొర్రుకున్నట్లు. ఇంటికి పోయినాక తుడిచి ఎండబెట్టు, తుప్పు పడతాది” అన్నాడు.

సరేనన్నాను. తిరిగి వచ్చేటప్పటికి ఎండ వచ్చింది. కొమ్మల మీంచి మంచు పెళ్ళలు పెళ్ళలుగా జారి, మెడ మీద, చేతుల మీద పడుతోంది. గట్టు మీద కుక్కల్ని తిప్పేవాళ్ళు, పిల్లల్ని స్లెడ్ల మీద లాగేవాళ్ళు చేరారు. కారు దగ్గర మళ్ళీ ముద్ద చేసి చూశాను. ఈసారి గట్టిగా గోళీలా వచ్చింది. పదును పోయింది. రెండు మూడు రోజులకు గట్టు మీద మిగిలింది బురదే.

ఆ ఆదివారం సాయంత్రం నాయనే ఫోన్ చేశాడు. చేటలు ఎండబెట్టావా అని అడిగాడు. ఎండబెట్టానన్నాను. మేకుకు తగిలించావా అన్నాడు. ఇంకా లేదు, గడప దగ్గరే ఉన్నాయన్నాను. వచ్చే శుక్రవారానికి మళ్ళీ పడొచ్చని ఫోన్లో చూపిస్తోందని చెప్పాను.

“పడొచ్చు అంటే?”

“యాభై శాతం అంట, నాయనా.”

“అంటే ఒకటి రెండు చోట్ల” అన్నాడు నాయన.